పన్నెండో వంతు హరికేన్

కోయంబత్తూరుకు తూర్పున సూలూరు వైమానిక స్థావరం ఉంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిష్ నౌకాదళం వాడుకున్న ఈ స్థావరంలో ఇప్పుడు మన తేజస్ యుద్ధవిమానాలు ఉన్నాయి. దాని పక్క ఊరు కలంగల్. 1893లో అక్కడి ఒక తెలుగు రైతు ఇంట్లో పుట్టారు జి.డి. నాయుడు. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి దేశీయ విద్యుత్ మోటారు తయారుచేశారు. పొడి బ్యాటరీలతో తిరిగే బుల్లి మోటారు పెట్టి గడ్డం గీసుకునే రేజరు చేశారు. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి ఇవ్వగలనని 1941లో ప్రకటించారు. మోటారు, బ్యాటరీ, రేడియో: రిమోట్‌తో ఎగిరే నమూనా విమానానికి గుండెకాయలు ఈ మూడే.

నాయకరాజుల కాలం నుంచీ మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామంది నల్లరేగడిలో పత్తి పండించినవాళ్లు. కోయంబత్తూరు వైపు ఆ పత్తి మిల్లులకు దారితీసింది, మిల్లులు ఫౌండ్రీలకు, ఫౌండ్రీలు పంపులకూ మోటార్లకూ దారితీశాయి. చేత్తో చేసి చూసే అలవాటున్న అలాంటి ఇళ్ల పిల్లలకు సరిగ్గా నప్పే విద్య ఒకటుంది. అదే పోరు నమూనా విమానాల విద్య.

ఐరోపాలో, అమెరికాలో ఇది పోటీగా సాగుతోంది. రెండో ప్రపంచయుద్ధ కాలపు యుద్ధవిమానాలను పన్నెండో వంతుకు తగ్గించి కడతారు. ఒక్కోదాని తోకకు పొడవాటి కాగితపు రిబ్బను కడతారు. అన్నీ ఒకేసారి గాల్లోకి లేస్తాయి. ఎదుటివాడి రిబ్బను మన ప్రొపెల్లరుతోనో రెక్కతోనో తెంపితే మార్కులు. తుపాకులుండవు, తూటాలుండవు. పోరంతా మలుపుల్లోనే.

కొలత తగ్గితే బరువెంత?

బర్మా రంగంలో మన వైమానిక దళం నడిపిన హాకర్ హరికేన్‌నే తీసుకుందాం. రెక్కల చివరి నుంచి చివరికి 12.19 మీటర్లు. పన్నెండో వంతు చేస్తే మీటరు పైచిలుకు. పొడవులు 12 రెట్లు తగ్గితే రెక్కల వైశాల్యం 144 రెట్లు తగ్గుతుంది. ఘనపరిమాణం, దాంతోపాటు బరువు, 1,728 రెట్లు తగ్గాలి. ఆయుధాలతో, ఇంధనంతో సుమారు 3,500 కిలోలు తూగే హరికేన్ ఈ లెక్కన రెండు కిలోలవుతుంది. రెక్కల వైశాల్యం 0.166 చదరపు మీటరు.

ఆ రెండు కిలోల నమూనా గాల్లో నిలబడాలంటే గంటకు కనీసం 52 కిలోమీటర్ల వేగం ఉండాలి. అంతకంటే తగ్గితే రెక్క మీది గాలి ప్రవాహం విడిపోయి, లేపే బలం పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. అదే నమూనాను ఫోమ్‌తో కట్టి కిలోకు దించితే 37 కిలోమీటర్లు చాలు. బరువు సగమైతే కనీస వేగం సగమవదు, వర్గమూలం లెక్కన తగ్గుతుంది.

మలుపులో ఈ తేడా బాగా తెలుస్తుంది. విమానం 60 డిగ్రీలు పక్కకు ఒరిగి, ఎత్తు కోల్పోకుండా తిరగాలంటే రెక్కలు రెట్టింపు బరువు మోయాలి. కిలో నమూనాకు అప్పుడు 52 కావాలి, రెండు కిలోలదానికి 74. శత్రువు వెంటపడి స్టిక్‌ను ఇంకాస్త వెనక్కి లాగామా, బరువైన విమానం ముందు స్టాలవుతుంది, ఒక రెక్క వాలి గింగిరాలు తిరుగుతూ నేలకొస్తుంది. అందుకే గట్టిగా కట్టినవాడి కంటే తేలిగ్గా కట్టినవాడిదే పైచేయి.

గాలి మాత్రం మన కోసం చిన్నబోదు. రెక్క వెడల్పు, వేగం, గాలి జిగట కలిపి వేసే లెక్కను రెనాల్డ్స్ సంఖ్య అంటారు. అసలు హరికేన్‌కు అది కోటి దాటుతుంది. నమూనాకు రెండు లక్షల దగ్గర ఆగిపోతుంది. అంటే చిన్న రెక్కకు గాలి మరింత జిగటగా తోస్తుంది, రెక్క పైభాగాన్ని తొందరగా వదిలేస్తుంది. అందుకే అసలు విమానం రెక్క అడ్డుకోత ఆకారాన్ని తెచ్చి అలాగే పెట్టరు. చిన్న వేగాలకు సరిపడే పలచటి కోతను ఎంచుకుంటారు.

కాలం కూడా మారిపోతుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో, 60 డిగ్రీల ఒరుగుతో తిరిగే నమూనా 24 మీటర్ల వ్యాసార్ధంతో చుట్టు కొడుతుంది. ఒక చుట్టుకు ఏడున్నర సెకన్లు. సెకనుకు 100 మీటర్లతో పోయే అసలు విమానానికి అదే ఒరుగులో 37 సెకన్లు పడుతుంది. ఆలోచించుకునే వ్యవధి ఐదో వంతుకు పడిపోతుందన్నమాట. ఆలోచించుకునే వ్యవధి ఐదో వంతుకు పడిపోతుందన్నమాట.

రెండు వేళ్ల పరీక్ష

ఎగరెయ్యబోయే ముందు విమానాన్ని రెక్కల కింద రెండు వేళ్ల మీద నిలబెట్టి చూస్తారు. రెక్క సగటు వెడల్పులో ముందంచు నుంచి నాలుగో వంతు దగ్గర, మన నమూనాకైతే నాలుగు సెంటీమీటర్ల వెనక, వేళ్లు పెట్టాలి. ముక్కు కొద్దిగా కిందికి వంగితే మంచిదే. తోక వాలితే బ్యాటరీని ముందుకు జరపాల్సిందే. తేజస్‌ను కావాలనే నిలకడ లేకుండా రూపొందించారు, కంప్యూటర్లు క్షణక్షణం సరిదిద్దుతుంటాయి. మన ఫోమ్ విమానంలో ఆ సరిదిద్దేవాడు ఉండడు.

బ్రష్‌లు లేని మోటారు మీద 1000 కేవీ అని ఉంటే, ఒక్కో వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లని అర్థం. మూడు సెల్లుల లిథియం బ్యాటరీ 11.1 వోల్టులిస్తుంది, అంటే భారం లేనప్పుడు 11,100 చుట్లు. 2,200 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ నుంచి ఆపకుండా 30 ఆంపియర్లు లాగితే నాలుగున్నర నిమిషాల్లో ఖాళీ.

రేడియో సంగతి మరీ ముఖ్యం. పాత సెట్లలో ఇద్దరు ఒకే చానల్ మీద ఉంటే ఇద్దరి విమానాలూ కూలేవి. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో ట్రాన్స్‌మిటరు తన రిసీవరుతో ముందే జతకట్టి, చానళ్లు మారుస్తూ మాట్లాడుతుంది. అందుకే పదిమంది ఒకేచోట ఎగరెయ్యగలుగుతున్నారు. ఈ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 31 మిల్లీమీటర్లు. రిసీవరు తీగ కొసన పైతొడుగు లేకుండా కనిపించే ముక్క అంతే ఉంటుంది. అదే అసలు యాంటెన్నా. దాన్ని మడిచినా, కత్తిరించినా, బ్యాటరీ వెనక దాచినా సంకేతం తెగిపోవచ్చు.

ఎగరేసే చోటు

సెకనుకు 25 మీటర్లతో దూసుకొచ్చే కిలో విమానంలో 312 జౌళ్ల శక్తి ఉంటుంది. గంటకు 140 కిలోమీటర్లతో వచ్చే క్రికెట్ బంతిలో ఉండేది 121. అందుకే హెల్మెట్లు పెట్టుకోవాలి, చూసేవాళ్లు దూరంగా ఉండాలి, విమానాలు మనుషుల తలల మీదికి రాకూడదు.

2021 డ్రోన్ నియమాల ప్రకారం చదువు, పరిశోధన, వినోదం కోసం కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు నమూనాలకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆకాశం మాత్రం అంతా మనది కాదు. గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో, గరిష్ఠంగా 400 అడుగుల వరకే స్వేచ్ఛ. కోయంబత్తూరులో ఒకవైపు పీళమేడు విమానాశ్రయం, ఇంకోవైపు సూలూరు. మదురైకి దక్షిణాన అవనియాపురం దగ్గర మరో విమానాశ్రయం. కాబట్టి మైదానం ఖాళీగా కనిపిస్తే చాలదు, ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకున్నాకే బ్యాటరీ తగిలించాలి.

ఈ విద్య మొదలుపెట్టేవాళ్లు ముందు కొనాల్సింది మోటారు కాదు, గ్రాముల దాకా చూపే తక్కెడ. ఫోమ్, జిగురు, రంగు, తీగలు, దేనికి దాన్ని తూచి రాసుకుంటే సగం పోరు నేల మీదే గెలిచినట్టు.