గొఱ్ఱెల మందకు కాపు కుక్క: పెంపకము, శిక్షణ, ఆరోగ్య రక్షణ

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో గొఱ్ఱెల పెంపకము నేటిది కాదు. కురుమ, గొల్ల కుటుంబములు తరతరములుగా ఈ వృత్తిని నమ్ముకొని జీవించుచున్నవి. వరి, మొక్కజొన్న కోతలు ముగిసిన పిదప మందలను పొలములలోనికి తోలి, రాత్రులు అక్కడనే నిలిపి, భూమికి ఎరువు చేర్చుట ఈ సీమలో పాత అలవాటు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన పథకము క్రింద 20 ఆడ గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతము రాయితీపై పంపిణీ జరిగినది. మంద చిన్నదైనను పెద్దదైనను దాని వెంట కుక్క ఉండక తప్పదు.

గొఱ్ఱెకు మేత ఏది, మందు ఏది అని మనము విచారింతుము. కుక్కను గూర్చి మాత్రము విచారించు వారు తక్కువ. మిగిలినది పెట్టుదురు, పని చేయించుకొందురు, అంతే. కాని చక్కగా పెంచిన కుక్క మందకు అండ. నిర్లక్ష్యముగా పెంచిన కుక్క మందకు రోగమును, ఇంటికి ప్రమాదమును తెచ్చును. ఈ భేదమును రైతు సోదరులు గుర్తింపవలెను.

ఏ కుక్క మనకు తగును?

మంద వెంట నుండు కుక్కలు రెండు విధములు. మొదటిది మందను తోలునది. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దులలో పుట్టిన బోర్డర్ కోలీ జాతి ఇట్టిది. అది వంగి నడచుచు, గొఱ్ఱెలను తదేకముగా చూచుచు, అరవకయే వాటిని మలుపును. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అను మగకుక్కను ఈ జాతికి మూలపురుషునిగా చెప్పుదురు. రెండవది మందను కాచునది. ఇది గొఱ్ఱెలను తోలదు, వాటి నడుమనే ఉండి క్రూరమృగములను బెదరగొట్టును. తుర్కీ దేశపు అనటోలియన్ జాతి కుక్కలను 1994 నుండి ఆఫ్రికాలోని నమీబియాలో రైతులకిచ్చి, చీతాల బారినుండి మందలను కాపాడుచున్నారు.

మన కాపరుల వెంట నుండు నాటు కుక్క ముఖ్యముగా కాపు కుక్క. పొట్టి వెంట్రుకలు, సన్నని దేహము గలది కనుక మన యెండలకు తట్టుకొనును. పట్టణములలో వేడుకకు కొను దట్టమైన బొచ్చుగల విదేశీ జాతులు మే నెల యెండలో మంద వెంట తిరుగజాలవు. వెలబెట్టి అట్టివానిని తెచ్చుటకన్న, మంచి పనివాడి వద్ద పుట్టిన నాటు పిల్లను తెచ్చుకొనుట లాభము.

పిల్లను ఎన్నుకొని మందకు అలవాటు చేయుట

తల్లిదండ్రులు రెండును మంద వెంట పనిచేయుచున్నవై యుండవలెను. పిల్లను ఎనిమిది వారములు నిండిన తరువాతనే తల్లినుండి వేరు చేయవలెను. మూడవ వారము మొదలు మూడు, మూడున్నర నెలల వరకు కుక్కపిల్ల దేనితో కలసి పెరుగునో దానినే తనదిగా భావించును. కావున ఈ కాలములో పిల్లను గొఱ్ఱెపిల్లల దొడ్డి ప్రక్కనే ఉంచవలెను. పిల్లలను తరిమినను, చెవులు పట్టి లాగినను వెంటనే గట్టిగా అదలించి వేరు చేయవలెను. కొట్టరాదు. కొట్టిన కుక్క యజమానికి భయపడునే గాని మందను ప్రేమింపదు.

ఎనిమిది, పది నెలల వయస్సున పని నేర్పవచ్చును. మెడకు పొడవైన త్రాడు కట్టి, సాధువులైన ఐదారు గొఱ్ఱెల వద్దకు తీసికొనిపోయి, పది, పదిహేను నిమిషములు మాత్రమే నేర్పవలెను. "రా", "ఆగు", "కూర్చో" అను మూడు మాటలు ముందుగా చాలును. ఇంటిలో అందరును అవే మాటలు వాడవలెను. తండ్రి ఒక మాట, కొడుకు ఒక మాట చెప్పినచో కుక్కకు ఏదియు అర్థము కాదు.

పని లేనప్పుడు

మందతో తిరుగుటకు పుట్టిన కుక్కను దినమంతయు గొలుసున కట్టివేసినచో దాని బలము చెడుదారి పట్టును. దూడలను తరుముట, కోళ్లను పట్టుట, రాత్రియంతయు అరచుట, దారిన పోవు వారిపై బడుట అన్నియు దీనినుండియే పుట్టును. మంద మేపుటకు పోని దినములలో ఉదయము ఒక గంట, సాయంత్రము ఒక గంట దానిని నడిపింపవలెను. దొడ్డి చుట్టును త్రిప్పవలెను. నేర్చిన మాటలను మరల మరల చెప్పి చేయింపవలెను.

ఆహారము

ఇరువది కిలోల బరువుగల కుక్కకు విశ్రాంతి దినమున సుమారు 250 గ్రాముల జొన్న లేక మొక్కజొన్న పిండితో చేసిన సంకటి, ఒక గుడ్డు, కొంత మజ్జిగ చాలును. దీనిని రెండు పూటలుగా పెట్టవలెను. మంద వెంట తిరుగు దినములలో సగము పాలు పెంచవలెను. వారమునకు రెండు మూడు సార్లు ఉడికించిన మాంసము పెట్టిన బలము నిలుచును. ఉడికిన యెముకలు పెళుసుగా విరిగి ప్రేవులను గ్రుచ్చును కనుక పెట్టరాదు. ఉల్లిపాయ కుక్క రక్తమును చెరచును, పెట్టరాదు. త్రాగునీరు ఎల్లవేళల అందుబాటులో ఉండవలెను.

వేసవి జాగ్రత్తలు

కుక్కకు మనవలె చెమట పోయదు. నాలుక చాచి రొప్పుట ద్వారానే వేడిని పోగొట్టుకొనును. ఎండకాలమున ఉదయము పది గంటల లోపున, సాయంత్రము నాలుగు దాటిన తరువాత మాత్రమే పని చేయింపవలెను. విపరీతముగా రొప్పుచు, చొంగ కార్చుచు, తూలుచున్నచో వడదెబ్బ తగిలినట్లు గుర్తింపవలెను. వెంటనే నీడకు చేర్చి, ఒడలంతయు చల్లని నీటితో తడిపి, విసరుచు పశువైద్యుని పిలువవలెను. పిడుదులను ప్రతి సాయంత్రము చెవులలోను, వ్రేళ్లసందులలోను వెదకి తీసివేయవలెను.

తిరుగుడు రోగము: కుక్కకును గొఱ్ఱెకును గల సంబంధము

మందలో ఒకానొక గొఱ్ఱెపిల్ల తల ఒక ప్రక్కకు వంచి గుండ్రముగా తిరుగుచుండును. చూపు తగ్గును. మందలో వెనుకబడి చివరకు చచ్చును. చాలమంది దీనిని గాలి సోకినదని తలచెదరు. ఇది గాలి కాదు. కుక్క ప్రేవులలో నుండు బద్దెపురుగు దీనికి మూలము.

ఈ పురుగు గ్రుడ్లు కుక్క మలముతో గడ్డిపై పడును. ఆ గడ్డిని మేసిన గొఱ్ఱె మెదడులో నీటితిత్తి పెరుగును. అదియే తిరుగుడునకు కారణము. చచ్చిన గొఱ్ఱె తలను కాపరి కుక్కకు వేయును. తిత్తిలోని పురుగు తలలు మరల కుక్క ప్రేవులలో పెద్దవై, సుమారు ఆరు వారములలో గ్రుడ్లు పెట్టసాగును. ఇట్లు చక్రము తిరుగుచునే యుండును. ఇంతలో కుక్క మాత్రము ఆరోగ్యముగనే కనబడును.

ఇట్టిదే మరియొక చిన్న బద్దెపురుగు గొఱ్ఱె కాలేయములోను, ఊపిరితిత్తులలోను నీటితిత్తులు పుట్టించును. దీని గ్రుడ్లు మనుష్యుని నోటిలో పడినచో మనుష్యుని కాలేయములో సైతము తిత్తి పెరుగును. కుక్కతో ఆడి చేతులు కడుగక అన్నము తిను పిల్లలకు ఈ ప్రమాదము ఎక్కువ.

ఐస్లాండు దేశములో పందొమ్మిదవ శతాబ్దమున ఈ తిత్తి రోగము ప్రజలను మిక్కిలి పీడించెను. 1863లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హరాల్డ్ క్రాబె అక్కడకు పోయి పరిశోధించి, కుక్కలకు పచ్చి ఆంత్రములు వేయుటయే మూలమని తెలిపెను. ఆ సంగతి వివరించు చిన్న పుస్తకమును దేశములో ఇంటింటికి పంచిరి. తరువాత కుక్కలకు పురుగుమందు, ఆంత్రములను పూడ్చుట చట్టముతో అమలైనవి. చదివిన కాపరులు ఆచరించిరి. కాలక్రమమున రోగము ఆ దేశమును విడిచిపోయెను. ఐస్లాండు రైతు చేసినది మనము చేయలేమా?

చేయవలసినది మూడు పనులు.

1. చచ్చిన లేక కోసిన గొఱ్ఱె తల, కాలేయము, ఊపిరితిత్తులు, ప్రేవులు కుక్కకు పచ్చిగా వేయరాదు. కాల్చివేయవలెను, లేదా కుక్కలు త్రవ్వజాలనంత లోతుగా పూడ్చవలెను.

2. మందలోని ప్రతి కుక్కకు ఆరు వారములకొకసారి ప్రాజిక్వాంటెల్ మాత్ర ఇప్పింపవలెను. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున, అనగా ఇరువది కిలోల కుక్కకు 100 మిల్లీగ్రాములు. పశువైద్యుని సలహాపై ఇయ్యవలెను. మందు వేసిన రెండు దినములు కుక్కను ఒకచోట కట్టి, ఆ మలమును కాల్చవలెను.

3. కుక్కను ముట్టిన చేతులు సబ్బుతో కడిగిన తరువాతనే భోజనము చేయవలెను.

రేబీస్ టీకా

మూడు నెలల వయస్సున మొదటి టీకా, పిదప ఏటేట ఒకటి తప్పక వేయింపవలెను. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలునకు ఈ టీకా వేసిన దినమును జూనోసిస్ దినముగా పాటించుచున్నారు. ఆనాడు పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుట కలదు. ఆ దినమును జ్ఞాపకముంచుకొనుడు.

కుక్క కరచినచో పుండును సబ్బుతో, ధారగా పారు నీటితో పదిహేను నిమిషములు కడిగి, అదే దినమున ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు. రేబీస్ లక్షణములు కనబడిన తరువాత బ్రదికించు మందు లేదు. టీకా ఆలస్యము చేయుట ప్రాణముతో చెలగాటమాడుట.

చిరుతలు, తోడేళ్లు

పోచారము అభయారణ్యము, దాని చుట్టుప్రక్కల అడవుల అంచున మందలు నిలుపువారు చిరుత భయము నెరుగుదురు. చిరుత గొఱ్ఱెనే గాక కుక్కను కూడ ఎత్తుకొనిపోవును. అందువలన ఒంటికుక్కను నమ్ముకొనరాదు. రెండు మూడు కుక్కలు, దొడ్డి వద్ద దీపము, ఎత్తైన వల ఉండవలెను. హిమాచల ప్రదేశములోని గద్దీ కాపరులు కుక్కల మెడకు ఇనుప పట్టీ కట్టుదురు. అది చిరుత పట్టును కొంత ఆపును.

చచ్చిన గొఱ్ఱెకు విషము పూసి ఉంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. ఆ విషమును తిని ముందుగా చచ్చునది తరచు మన కుక్కయే. చిరుత గొఱ్ఱెను చంపినచో కళేబరమును కదల్పక, వెంటనే అటవీ శాఖ వారికి తెలిపి, పరిహారమునకు దరఖాస్తు పెట్టుకొనవలెను.

గ్రామాధికారులకు మనవి

కాపరి ఒక్కడే జాగ్రత్తపడిన చాలదు. ఊరి వీధికుక్కలు కోతశాల చుట్టును తిరిగి ఆంత్రములు తినుచున్నంతవరకు చక్రము తెగదు. మాంసము కోయుచోట కంచె, వ్యర్థములకు మూతగల లోతైన గోయి, చచ్చిన పశువులను పూడ్చుటకు ఊరి వెలుపల స్థలము పంచాయతీ ఏర్పరుపవలెను. కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకాలు పశుసంవర్ధక శాఖ సహాయముతో జరిపింపవలెను. సర్పంచులు, కార్యదర్శులు కాపరుల కుక్కలను ఒక పట్టికలో వ్రాసియుంచి, టీకా దినమున కబురు పంపినచో పని సులువగును.

కుక్క తన జీతము అడుగదు. రెండు పూటల సంకటి, ఆరు వారములకొక మాత్ర, ఏటికొక టీకా, రోజుకొకింత పని, ఇవియే దాని హక్కులు. ఇవి ఇచ్చిన రైతు మంద చల్లగా ఉండును. నేడే మీ కుక్కను పశువైద్యశాలకు తీసికొనిపోయి మొదటి మాత్ర వేయింపుడు.