పాత సహాధ్యాయుల క్షేమ సమాచారాలు – జ్ఞాపకశక్తి తీరుతెన్నులు

రంగూన్ (నేటి యాంగోన్) నగరానికి నైఋతి దిక్కున, నదికి ఆవలి వైపున ట్వంటే అనే చిన్న పట్టణం ఉన్నది. కుండలకు పేరుపడిన ఊరు. రంగూన్ నదిని ఐరావతితో కలిపే కాలువ ఈ ఊరి మీదుగానే పోతుంది. బ్రిటిష్ వారి హయాంలో త్రవ్వించిన ఆ కాలువను ట్వంటే కాలువ అనే అంటారు. ఇటువంటి ఊరి కుర్రవాడు పెద్ద చదువులకు పోవాలంటే నది దాటి, 1920లో నెలకొన్న రంగూన్ విశ్వవిద్యాలయం మెట్లు ఎక్కవలసిందే.

బర్మాకూ తెలుగువారికీ గల సంబంధం ఈనాటిది కాదు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి పోయినందువల్ల అక్కడ మనవారికి ‘కొరంగీలు’ అనే పేరు స్థిరపడింది. రేవులో కూలీలుగా, బియ్యపు మిల్లులలో పనివారుగా, కోతల కాలంలో వ్యవసాయ కూలీలుగా వేలమంది వెళ్ళారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు. 1942లో జపాను దాడికి జడిసి లక్షలాది జనం కాలినడకన, ఓడల మీద తరలిపోయారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది. వ్యాపారాల జాతీయీకరణ తరువాత 1964 నుంచి మరి సుమారు 3 లక్షల మంది భారతీయులు ఆస్తిపాస్తులు వదలి తిరిగి వచ్చారు. విశాఖపట్నంలోని ‘బర్మా క్యాంపు’ అనే పేటపేరు ఆ రాకకు గుర్తుగా నిలిచి ఉన్నది.

ఈ నేపథ్యంలో, 1960 ప్రాంతంలో రంగూన్‌లో పట్టభద్రులైన ఒక తరగతిని ఊహించుకొందాము. ఒకరు ట్వంటేలోనే ఉండిపోయారు. ఒకరు విశాఖ చేరారు. ఇంకొకరు ఇంగ్లండు మీదుగా అమెరికా వచ్చి స్థిరపడ్డారు. నలభై ఏళ్ళ తరువాత వీరిలో ఒకరికి మరొకరి ఉత్తరం, ఒక పాత ఛాయాచిత్రం అందినవి. అప్పుడు వారి మెదడులో జరిగేదేమిటి? వచ్చిన కబుర్లలో నమ్మదగినది ఎంత? మొదటి ప్రశ్నకు మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు, రెండవ ప్రశ్నకు వారితోపాటు సంఖ్యాశాస్త్రజ్ఞులు ఆసక్తికరమైన సమాధానాలు చెప్పారు.

ముందు ముఖాల సంగతి. అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి చెందిన హ్యారీ బారిక్ అనే ఆచార్యుడు తన సహచరులతో కలిసి 1975లో ఒక పరిశోధన ప్రచురించాడు. హైస్కూలు విడిచి కొద్ది నెలలైన వారి నుంచి దాదాపు 48 ఏళ్ళు గడచిన వారి వరకు 392 మందిని ఎంచుకొని, వారి వారి పాఠశాల వార్షిక సంచికలలోని చిత్రాలతో పరీక్షించారు. పరాయివారి చిత్రాల మధ్య తమ తరగతి వాని చిత్రాన్ని కలిపి చూపితే, పదిమందిలో తొమ్మిదిమందిని గుర్తించగలిగారు. ఈ శక్తి సుమారు 35 ఏళ్ళ వరకు ఇంచుమించు చెక్కుచెదరలేదు! కాని ఏ ఆధారమూ ఇవ్వకుండా “నీ తరగతిలోని వారి పేర్లు చెప్పు” అంటే మాత్రం చాలా కొద్ది పేర్లే వచ్చినవి. ఏళ్ళు గడచిన కొద్దీ అవీ తగ్గినవి.

ఇందులోని కిటుకు ఏమిటంటే, ‘పోల్చుకోవడం’ వేరు, ‘జ్ఞప్తికి తెచ్చుకోవడం’ వేరు. మొదటి పనిలో ఎదుట ఒక వస్తువు ఉన్నది. అది లోపలి ముద్రతో సరిపోయినదా లేదా అని చూస్తే చాలును. రెండవ పనిలో మెదడు తనంతట తానే వెదకుకోవాలి. గిడ్డంగిలో ధాన్యం ఉన్నది, తాళం చెవి కనపడదు. మరచిపోయామని మనము అనుకొనే వాటిలో ఎన్నో నిజానికి మరచినవి కావు, దారి దొరకనివి.

అన్నిటికంటె జారిపోయేది పేరు. 1987లో బ్రిటిష్ పరిశోధకులు ఒక చిత్రమైన విషయం చూపారు. ఒక ముఖం చూపి ‘ఇతడు రొట్టెలు కాల్చేవాడు’ అంటే గుర్తుండే మాట, అదే మాటను ఇంటిపేరుగా చెబితే గుర్తుండదు. ఆంగ్లంలో ‘బేకర్’ అన్నది వృత్తీ ఔతుంది, ఇంటిపేరూ ఔతుంది. మనలో ‘కరణం’ అన్న మాట అటువంటిది. ‘ఆయన మా ఊరి కరణం’ అన్నప్పుడు లెక్కల పుస్తకం, భూముల తగవులు, కళ్ళజోడు అన్నీ ఆ మాట చుట్టూ చేరతాయి. ‘ఆయన ఇంటిపేరు కరణం’ అన్నప్పుడు ఆ మాటకు తగులుకొనేందుకు ఏదీ లేదు. బర్మా తెలుగువారి విషయంలో ఈ చిక్కు ఇంకా జటిలం. బర్మీయులలో ఇంటిపేరు ఆచారమే లేదు. అక్కడ స్థిరపడిన భారతీయులలో ఎందరికో ఇంట్లో ఒక పేరు, బయట బర్మా పేరు. విశాఖలోని మిత్రుడు వెదకే పేరు, ట్వంటేలో ఇరుగుపొరుగు పిలిచే పేరు ఒకటి కాకపోవచ్చును.

భాషకు జ్ఞాపకంతో గల సంబంధం ఇంకా లోతైనది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో వియోరికా మరియన్, ఉల్రిక్ నైసర్ అనే ఇద్దరు, అమెరికాకు వలస వచ్చిన, రష్యన్, ఆంగ్లం రెండూ తెలిసిన యువకులను రెండు భాషలలోను ప్రశ్నించారు (2000లో ప్రచురితం). రష్యన్‌లో మాట్లాడించినప్పుడు రష్యన్ మాటలతో గడచిన సంఘటనలు, ఆంగ్లంలో మాట్లాడించినప్పుడు ఆంగ్లంతో ముడివడిన సంఘటనలు ఎక్కువగా బయటపడినవి. అనుభవం ఏ భాషలో జరిగినదో ఆ భాషే దానికి తాళపుచెవి అన్నమాట. ప్రవాసంలో ఉన్న పెద్దలు పిల్లల ముందు ఆంగ్లంలో కళాశాల రోజులు చెప్పబోయి రెండు మాటలతో ఆగిపోవడమూ, పాత మిత్రుడు తెలుగులో పలుకరించగానే వసతిగృహంలో వంటవాని పోపు వాసనతో సహా అన్నీ పొంగుకు రావడమూ మనము ఎరుగనివి కావు. ఈ కారణం చేతనే కాబోలు, పిల్లలకు తండ్రి గతం తండ్రి నోటి కంటె తండ్రి స్నేహితుని నోటనే ఎక్కువగా తెలుస్తుంది. ట్వంటే వంటి ఊరి వానికైతే ఒక భాష చాలదు: ఇంటి ముచ్చటకు తెలుగు, తరగతి గదికి ఆంగ్లం, పడవ రేవుకు బర్మీ.

ఇక కబుర్ల సంగతి. బారిక్ బృందమే 2008లో ఇంకొక పరిశోధన ప్రకటించింది. కళాశాల విడిచి 1 నుంచి 54 ఏళ్ళు గడచిన 276 మందిని తమ మార్కుల శ్రేణులు చెప్పమని, వాటిని కళాశాల దస్త్రాలతో సరిచూశారు. మొత్తం 3,967 శ్రేణులలో 3,025 సరిగా చెప్పారు. ఇది మెచ్చుకోదగినదే. తప్పు చెప్పిన వాటిలో మాత్రం నూటికి 81 వంతులు అసలు శ్రేణికన్నా ఎక్కువవే! వారు అబద్ధమాడినారని అనరాదు. కాలం ఖాళీ చేసిన చోటును మనసు తనకు అనుకూలమైన దానితో పూడ్చుకొంటుంది.

సరే, ఒక్కొక్కరూ నిజమే చెప్పారనుకొందాము. అందరి కబుర్లూ కలిపి చూస్తే ఆ తరగతి చిత్రం నిజమైనదేనా? కాదని డారెల్ హఫ్ అనే రచయిత 1954లో సంఖ్యాశాస్త్రపు మోసాలపై వ్రాసిన పుస్తకంలో చూపాడు. యేల్ విశ్వవిద్యాలయంలో 1924లో పట్టభద్రులైన వారి సగటు ఆదాయం ఏటా 25,111 డాలర్లని ఒక పత్రిక ప్రకటించింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. హఫ్ అడిగిన ప్రశ్న చిన్నది: చిరునామా దొరకని వారి సంగతేమిటి? దొరికినా జవాబు వ్రాయని వారి మాటేమిటి? చితికిపోయిన వాడు తన ఆదాయం పాత తరగతికి వ్రాసి పంపడు. కూడికలో తప్పు లేకపోయినా, కూడిన వారి ఎంపికలోనే తప్పున్నది.

మన సమావేశాలలోను ఇదే జరుగుతున్నది. “మా బ్యాచి వాళ్ళంతా బాగా స్థిరపడ్డారు” అన్న మాటకు అసలు అర్థం “స్థిరపడిన వాళ్ళు వచ్చారు” అని. ఉద్యోగం పోయిన వారు, బిడ్డను పోగొట్టుకొన్న వారు, మంచాన పడిన వారు, ఓడ ఎక్కక ఆ ఊళ్ళోనే ఉండిపోయిన వారు ఆ జాబితాలో ఉండరు. ఈ వార్తలు విని ‘నేనొక్కడినే వెనుకబడ్డాను’ అని కుములుతున్నవాడు, నిజానికి సగం తరగతితోనే తనను పోల్చుకొంటున్నాడు.

ఇన్ని లోపాలున్నా ఈ కబుర్లు వ్యర్థం కావు. సామాజిక శాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రకటించిన వ్యాసం ఇందుకు సాక్ష్యం. బోస్టన్ నగరం ప్రక్కన పరిచయాల ద్వారా ఉద్యోగం సంపాదించిన వారిని ‘ఆ పరిచయస్థుని ఎంత తరచుగా కలిసేవారు?’ అని అడిగితే, తరచుగా అన్నవారు నూటికి 17 మందికి మించలేదు. అప్పుడప్పుడు అన్నవారు దాదాపు 56 మంది. అరుదుగా అన్నవారు 28 మంది. ఆ అరుదైన పరిచయస్థులలో పాత కళాశాల మిత్రులు కూడా ఉన్నారు. దగ్గరివారికి తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది. దూరమైనవాడు మరొక లోకపు వార్త తెస్తాడు. ఇది ఉద్యోగాలకే పరిమితం కాదు. ట్వంటేలో మిగిలిన వానికి విశాఖ సంగతి, విశాఖ వానికి అమెరికా సంగతి చేరే దారి ఇటువంటి సన్నని దారాలే.

అసలు దారమే పడని తరగతులూ ఉన్నవి. 1988 విద్యార్థి ఉద్యమం తరువాత బర్మాలో విశ్వవిద్యాలయాలు పలుమార్లు మూతపడినవి. 1996 డిసెంబరు ఆందోళన తరువాత రంగూన్ ప్రధాన ప్రాంగణంలో డిగ్రీ తరగతులు నిలిపివేసి, విద్యార్థులను నగర శివార్లలోని కళాశాలలకు చెదరగొట్టారు. ఆ ప్రాంగణంలో డిగ్రీ విద్యార్థులు తిరిగి అడుగుపెట్టినది 2013 డిసెంబరులో. నడుమ గడచిన పదిహేడేళ్ళలో ఆ ప్రాంగణానికి డిగ్రీ తరగతి ఛాయాచిత్రమే లేదు. పోల్చుకొందామన్నా ముఖాలు లేవు.

ఛాయాచిత్రం ఉన్నవారికి ఒక పని మిగిలి ఉన్నది. ముఖం పోల్చుకొనే శక్తి ముప్పై ఐదేళ్ళు నిలుస్తుంది, పేరు అంతకంటె చాలా ముందే జారిపోతుంది. కనుక చిత్రం వెనుక వరుసల వారీగా పేర్లు వ్రాయవలసినది ఇప్పుడే: ఇంటిపేరు, పిలుపు పేరు, వేరే దేశపు పేరు ఉంటే అదీ. తెలియని ముఖానికి ఎదురుగా ఖాళీ విడిచి, ఆ ప్రతిని తరగతిలోని మరొకరికి పంపితే, మీకు దొరకని పేరు వారికి చిత్రం చూడగానే తోచవచ్చును. సమావేశపు సంచికలో వచ్చినవారి పేర్ల క్రింద, జవాబు రాని వారి పేర్లు కూడా అచ్చువేయడం మంచిది.