ఆకాశం నుంచి పెట్టెలోకి... ఎలా?

సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో డీడీ ఫ్రీ డిష్ పెట్టాలంటే ఆగ్నేయం వైపే ఎందుకు తిప్పాలి? సిగ్నల్ పంపే జీశాట్-15 ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఇక్కడి నుంచి చూస్తే అది ఆగ్నేయమే.

అంత దూరం వచ్చేసరికి సిగ్నల్ బాగా నీరసిస్తుంది. డిష్ దాన్ని ఒక్కచోటికి చేర్చి, ముందున్న ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పరికరానికి అందిస్తుంది. ఉపగ్రహం పంపేది చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్; అలాగే పంపితే కేబుల్‌లో దిగేలోపే దాని బలం చాలావరకు తగ్గిపోతుంది. అందుకే ఎల్‌ఎన్‌బీ ముందే కోత పెడుతుంది: 11,090 మెగాహెర్ట్జ్‌లోంచి 9,750 తీసేస్తే 1,340. చిత్రమేమిటంటే, అదే కేబుల్ మీదుగా సెట్‌టాప్ బాక్సు పైకి కరెంటు పంపుతుంది! 13 వోల్టులైతే నిలువు తరంగాలు, 18 అయితే అడ్డ తరంగాలు కావాలని అర్థం.

బాక్సులోని ట్యూనర్ కావలసిన ఫ్రీక్వెన్సీని పట్టుకుంటుంది, ఫిల్టర్ పక్కవాటిని ఆపేస్తుంది. తర్వాత తరంగం 0, 1 అంకెలుగా మారుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద చాలా చానళ్లు 188 బైట్ల ప్యాకెట్లుగా కలగలిసి వస్తాయి. ప్రతి ప్యాకెట్‌కూ ఒక నంబరు. డీడీ యాదగిరి పెట్టారా? బాక్సు దాని నంబర్లున్నవే ఏరుకుని బొమ్మగా, మాటగా విప్పుతుంది.

వీటితోపాటు తప్పులు దిద్దే అదనపు అంకెలూ వస్తాయి. జడివానలో అవీ చాలకపోతే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది.