జీర్ణోద్ధరణమనగా గోడకు ఊపిరి నిలుపుట



ఇటీవల ఉత్తరాఖండ యాత్ర ముగించుకొని వచ్చిన ఒక దాత నన్ను ఇట్లు అడిగారు. "శాస్త్రిగారూ, యమునోత్రి మార్గంలో ఒక పాతకాలపు ఇంట బస చేశాము. బయట ఎముకలు కొరికే చలి. లోపల ఒక్క కుంపటితోనే వెచ్చగా ఉన్నది. మన మనుబోలు సత్రంలో మాత్రం ఫ్యాన్లు తిరుగుతున్నా ఉక్క తగ్గదు. ఏసీలకు నేను విరాళమిస్తాను, పెట్టించరాదా?"

ఆయన సంకల్పం పవిత్రమైనది. అయితే సమాధానం ఆయన ప్రశ్నలోనే ఉన్నది. ఆ కొండ ఇళ్ళలో దేవదారు దూలాలను, రాతివరుసలను ఒకదానిపై నొకటి పేర్చి మందమైన గోడలు కడతారు. క్రింది అంతస్తులో పశువులను కడతారు. వాటి శరీరోష్ణం పై గదులకు చేరుతుంది. పైన పలకరాళ్ళ కప్పు. మరమ్మతు పేరిట ఆ కప్పు తీసి రేకులు పరిస్తే, రాత్రి చలి తిన్నగా లోపలికి దిగుతుంది. అప్పుడు కట్టెలు రెట్టింపు కాల్చవలసిందే.

కొండకు చలి యెట్టిదో మన తీరానికి ఉక్క అట్టిది. మన పెద్దలు దానికి తగిన ఉపాయమే చేశారు. పులికాట్ సరస్సు గుల్లలను కాల్చి సున్నం చేశారు. దానిని ఇసుకతో గానుగలో మెత్తగా నూరి, కరక్కాయ, బెల్లపు నీరు చేర్చి గోడలకు పూశారు. టేకు దూలాలపై ఇటుకలు నిలువుగా పేర్చి సున్నపు మిద్దె వేశారు. నడుమ మండువా విడిచారు. వేడిగాలి దాని గుండా పైకి పోతుంది, చల్లనిగాలి వాకిలి నుండి లోనికి వస్తుంది.

ఇక్కడ నా అపరాధమొకటి విన్నవించుకోవాలి. సుమారు ముప్పది యేండ్ల క్రితం ఒక పాత మండపానికి సిమెంటు పూత వేయించుదామన్నప్పుడు, గట్టిగా ఉంటుందని నేనూ తల ఊపాను. సున్నపు గోడ చెమ్మను పీల్చి తిరిగి గాలికి విడుస్తుంది. సిమెంటు ఆ దారిని మూసివేసింది. సముద్రపుగాలి తెచ్చిన ఉప్పు లోపలే పేరుకొని పువ్వు పూసింది. కొన్ని వానకాలాలకే పూత పెచ్చులుగా ఊడింది. దానితోపాటు పాత ఇటుక ముఖమూ రాలింది. ఆ నష్టాన్ని ఏ విరాళమూ పూడ్చలేకపోయింది.

జీర్ణమైనదానిని పైకెత్తుట జీర్ణోద్ధరణం. క్రొత్తదానిని దానిపై రుద్దుట కాదు. మయమతంలో అనుకర్మవిధానమను పేర దీనికి ప్రత్యేకాధ్యాయమే ఉన్నది. వరాహమిహిరుడు బృహత్సంహితలో పచ్చి తుమికికాయలు, వెలగకాయలు మొదలైనవాటిని కాచి చేసే వజ్రలేపాన్ని వివరించాడు. బట్టీ లెక్క చూచినా సున్నానికి దాదాపు 900 డిగ్రీల వేడి చాలును. సిమెంటుకు సుమారు 1450 డిగ్రీలు కావాలి. పైగా సున్నం కాలునప్పుడు విడిచిన బొగ్గుపులుసు వాయువును గట్టిపడునప్పుడు చాలవరకు తిరిగి గ్రహిస్తుంది.

క్రొత్త శక్తిసాధనాలు వద్దని నా భావం కాదు. తిరుమల కొండపై 2002లో నిత్యాన్నదానం వంటకు 106 సౌరదర్పణాలతో ఆవిరి పుట్టించే ఏర్పాటు చేశారు. దినానికి దాదాపు 15,000 మందికి వండే సామర్థ్యంతో అది రూపొందినది. సాధనం తన చోట ఉండాలి. సౌరఫలకాలను క్రొత్త వంటశాల కప్పుపై పెట్టవచ్చును; పాత సున్నపు మిద్దెకు మేకులు దించరాదు.

కావున ఆ దాతకు నేను ఈ క్రమం విన్నవించాను. మొదట మిద్దె కారుట ఆపాలి. రెండవది, సిమెంటు పూతను నెమ్మదిగా తీసి సున్నం పూయాలి. మూడవది, మండువాపై వేసిన రేకులు తొలగించి, మూసిన గవాక్షాలు తెరవాలి. ఆ తరువాత ఒక వేసవి వేచి చూచి, అవసరమైతేనే యంత్రం. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే నా పేరు ఏసీ మీద ఉండదన్నమాట" అని నవ్వి, సున్నానికే విరాళం వ్రాశారు.

ఆ గోడనీడన సేదతీరే ప్రతి యాత్రికుని నిట్టూర్పులో ఆయనకు పుణ్యభాగమున్నది.

శుభం భూయాత్.