టికెట్‌తో పాటు చెప్పాల్సిన మాట

"అన్నా, ఎయిర్‌పోర్టుల సిగరెట్ తాగనిస్తరా?"

జగిత్యాలలో టికెట్ల ఆఫీసు నడుపుతున్న నాకు, గల్ఫ్‌ వెళ్లే వాళ్ల నుంచి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. లగేజీ ఎన్ని కిలోలు తీసుకెళ్లనిస్తారు, విమానంలో అన్నం పెడతారా అన్నంత మామూలుగా అడుగుతారు. కొందరికి అడగడానికి మొహమాటం. అప్పుడు పక్కనున్న భార్యే అడుగుతుంది: "గాయన పొద్దుగాల లేవంగనే బీడీ ముట్టియ్యకుంటే ఆగడన్నా. గంత దూరం ఎట్ల పోతడు?" ఈ ప్రశ్నకు నవ్వి ఊరుకోకుండా సరైన జవాబు చెప్పడం టికెట్ ఇచ్చేవాడి బాధ్యత అని నేను నమ్ముతాను.

ముందుగా గంటల లెక్క చూద్దాం. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి విమానం సుమారు నాలుగు గంటలు. పొగ లేకుండా గడపాల్సిన సమయం మాత్రం అంతకు రెట్టింపు. మూడు గంటల ముందే శంషాబాద్ ఎయిర్‌పోర్టు చేరుకోవాలి. టెర్మినల్ ద్వారం దగ్గరే సీఐఎస్ఎఫ్ జవాన్లు టికెట్, పాస్‌పోర్టు చూసి లోపలికి పంపుతారు. లోపలికి వెళ్లాక "ఒక దమ్ము కొట్టి వస్త" అంటే కుదరదు. దిగాక ఇమిగ్రేషన్ వరుస, లగేజీ బెల్టు దగ్గర ఎదురుచూపు ఉంటాయి. దోహా మీదుగా డల్లస్‌లో కొడుకు దగ్గరికి వెళ్లే తండ్రికైతే దాదాపు ఒక రోజంతా ఇదే పరిస్థితి.

చట్టం ఏం చెబుతోంది? 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. 2008 అక్టోబరు 2 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. తప్పితే 200 రూపాయల దాకా జరిమానా. ఎయిర్‌పోర్టులో విడిగా స్మోకింగ్ గది పెట్టుకోవడానికి ఆ చట్టం వీలిచ్చింది గానీ, పెట్టి తీరాలని ఎక్కడా అనలేదు. కాబట్టి గది ఉంటుందన్న ధీమాతో బయలుదేరకూడదు. అగ్గిపెట్టె, లైటర్ మన దగ్గర చేతిసంచిలోనూ పెట్టకూడదు, చెకిన్ బ్యాగులోనూ పెట్టకూడదు. ఇక ఈ-సిగరెట్ల మీద 2019లోనే పూర్తి నిషేధం వచ్చింది. విదేశాల నుంచి తెస్తే మొదటిసారికే ఏడాది దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. సెలవులకు ఇంటికి వచ్చే పిల్లలకు తల్లిదండ్రులు ఈ సంగతి ముందే చెప్పాలి.

దారిలో దిగే ఎయిర్‌పోర్టుల తీరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఇంగ్లండ్‌లో 2007 జులై 1 నుంచి మూసి ఉన్న బహిరంగ స్థలాల్లో ఎక్కడా పొగ తాగకూడదు. బ్యాంకాక్‌లోని సువర్ణభూమి సహా థాయ్‌లాండ్‌లోని ప్రధాన విమానాశ్రయాల్లో లోపలి స్మోకింగ్ గదులను 2019 ఫిబ్రవరిలో మూసేశారు. ప్రపంచంలోనే అత్యంత రద్దీ ఎయిర్‌పోర్టుల్లో ఒకటైన అట్లాంటా 2020 జనవరిలో అదే పని చేసింది.

గదులు ఎందుకు మూస్తున్నారని కొందరికి కోపం వస్తుంది. అలాంటి ఒక గదిని నేను దగ్గరగా చూశాను. నాలుగు వైపులా అద్దాలు, కూర్చోవడానికి కుర్చీ లేదు. భుజాలు రాసుకుంటూ నిలబడి అందరూ ఒకే పొగ పీలుస్తున్నారు. లైటర్లు తేనివ్వరు కాబట్టి గోడకు కరెంటు లైటర్ బిగించారు. ఎర్రగా కాలే తీగకు సిగరెట్ ఆనించి, వంగి పీల్చాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ లోపలి పొగ బయటి కుర్చీల దాకా వస్తోంది. అక్కడ ఒక తల్లి చంటిపిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఇంతలో సఫాయి అతను మాస్కు కూడా లేకుండా లోపలికి వెళ్లి బూడిద గిన్నెలు ఖాళీ చేశాడు. తాగేవాడు పది నిమిషాల్లో వెళ్లిపోతాడు. సఫాయి అతనికి షిఫ్టంతా అదే పని.

కొలిచి చూసినవాళ్లు కూడా ఇదే తేల్చారు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2012లో పొగకు అనుమతి ఉన్న ఐదు పెద్ద ఎయిర్‌పోర్టుల గాలిని పరీక్షించింది. పొగ తాగే చోట్ల సన్నని కాలుష్య కణాలు, పూర్తి నిషేధమున్న ఎయిర్‌పోర్టుల కంటే 23 రెట్లు ఎక్కువగా ఉన్నాయి. ఆ గదులకు ఆనుకుని ఉన్న చోట్ల ఐదు రెట్లు. అంటే అద్దాల గోడ పొగను ఆపడం లేదన్నమాట.

విమానంలో పొగ నిషేధం వెనక ప్రాణనష్టం కూడా ఉంది. 1973 జులై 11న బ్రెజిల్ సంస్థ వారిగ్ విమానం పారిస్ దగ్గర దిగబోతుండగా వెనక టాయిలెట్‌లో మంటలు లేచి 123 మంది చనిపోయారు. చెత్తబుట్టలో పడేసిన సిగరెట్ పీకే కారణమై ఉండొచ్చని భావించారు. నిషేధం ఉన్నా విమాన టాయిలెట్లలో నేటికీ బూడిద గిన్నె ఉంటుంది. ఎవరైనా దొంగతనంగా వెలిగిస్తే, ఆ పీక కాగితాల బుట్టలో పడకూడదనే ఆ ఏర్పాటు. విమాన సిబ్బంది కూడా ఇతరుల పొగతో తమ ఆరోగ్యం పాడైందని 1991లో అమెరికా సిగరెట్ కంపెనీల మీద దావా వేశారు. 1997లో 30 కోట్ల డాలర్ల ఒప్పందంతో అది ముగిసింది.

ఇవన్నీ ఒప్పుకుంటూనే, తాగేవాడి బాధ నిజమేనని చెబుతాను. రక్తంలో నికోటిన్ దాదాపు రెండు గంటలకొకసారి సగానికి తగ్గుతుంది. ఎనిమిది గంటలు గడిచేసరికి మిగిలేది పదహారో వంతు. అప్పుడు చిరాకు, గాభరా, ఆకలి పెరుగుతాయి. ఫారం నింపుతుంటే పేరు కూడా తప్పు రాస్తారు. తొలిసారి దేశం దాటుతూ, భాష రాక, అప్పు చేసి వెళ్తున్న మనిషికి ఇది ఇంకా పెద్ద కష్టం. ఆ స్థితిలో టాయిలెట్‌లో ఒక్క బీడీ ముట్టిస్తే పొగ పసిగట్టే పరికరం మోగుతుంది, దిగగానే పోలీసులు వస్తారు, ఉద్యోగం చేతికందకుండానే పోతుంది.

అందుకే టికెట్ చేతికిచ్చేటప్పుడు నేను కొన్ని మాటలు చెబుతాను. తాగాలనే తహతహ సాధారణంగా కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. ఆ కాసేపు లేచి నాలుగడుగులు నడవండి, నీళ్లు తాగండి, సోంపు నమలండి. రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమలకూడదు. మెల్లగా నమిలి, నోట్లో చురుకు తగలగానే బుగ్గకు ఆనించి ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. దానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, కూల్‌డ్రింకు తాగొద్దు. తాగితే మందు సరిగా ఒంటికి పట్టదు. గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే వాడాలి. బయలుదేరడానికి నెల ముందే మానాలనుకుంటే హెల్ప్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేస్తే చాలు. సిగరెట్ పెట్టె మీద ముద్రించి ఉండే ఆ నంబరుకు డబ్బులు పడవు.

నా దృష్టిలో నిషేధం సబబే, అది ఉండి తీరాలి. అయితే బోర్డు తగిలించడంతో ఎయిర్‌పోర్టుల పని అయిపోలేదు. శంషాబాద్ నుంచి వేల మంది కూలీలు వెళ్తున్నప్పుడు, ఈ నిబంధన తెలుగులో పెద్ద అక్షరాల్లో ద్వారం బయటే ఉండాలి. లోపలి మందుల షాపులో నికోటిన్ గమ్ దొరకాలి. నాలాంటి ఏజెంట్లు లగేజీ బరువు చెప్పినట్టే ఈ విషయమూ చెప్పాలి. ఇంట్లో పొగ తాగేవారు ప్రయాణం పెట్టుకుంటే, సూట్‌కేసు సర్దే రోజే వాళ్లను కూర్చోబెట్టి ఈ మాటలు చెప్పండి.