రక్తపరీక్ష చెప్పేది, చెప్పలేనిది



అన్నవాహిక కేన్సరుకు ఆపరేషన్ చేసే ముందు డాక్టర్లు రక్తం పరీక్షిస్తారు. "ఎన్నాళ్లు బ్రతుకుతాడో అందులో తెలిసిపోతుందట" అని బంధువులు గుసగుసలాడితే, రోగికి ఉన్న ధైర్యం కూడా పోతుంది.

ముద్ద దిగనివారు చిక్కిపోతారు. పోషణ తగ్గినా, వ్యాధి లోలోపల రగులుతున్నా రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు తగ్గుతుంది, వ్యాధి రగులుతుంటే సి.ఆర్.పి. అనేది పెరుగుతుంది. ఆల్బుమిన్ డెసిలీటరుకు 3.5 గ్రాములలోపు, సి.ఆర్.పి. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటి ఉంటే ప్రమాదం ఎక్కువ. స్కాట్లాండులోని గ్లాస్గో నగరం పేరుతో పిలువబడే లెక్క ఇదే.

అయితే ఇది అనేకమంది రోగులను కలిపి చూచిన అంచనా మాత్రమే. మన యింటి మనిషి దినములను అది లెక్కించలేదు. బలహీనులకు గొట్టం ద్వారానైనా పోషకాహారమిచ్చి, బలం కూర్చి, ఆపరేషన్‌కు సిద్ధపరచడానికి ఆ అంకె డాక్టరుకు ఉపయోగపడుతుంది.

హిజ్కియా కన్నీటితో ప్రార్థించాడు. యెషయా అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. ప్రార్థన, వైద్యం రెండూ దేవుని చేతిలోనివే.

కాబట్టి పొగాకు, సారా మానండి. మింగడం కష్టమైతే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి. రోగి మంచం దగ్గర అంకెలు కాదు, నిరీక్షణ మాట్లాడండి.