పొలుత్రొపొస్ శబ్దార్థవిచారము

యవనకవి హోమరు ఒడిస్సీకావ్యప్రథమపాదముననే, నాయకుని పేరు చెప్పకమున్నే, యాతనిని 'పొలుత్రొపొస్' అను విశేషణముచే వర్ణించెను. ఇది బహువ్రీహి. 'పొలు' సంస్కృత 'పురు' శబ్దమునకు సజాతీయము. 'త్రొపొస్' అనఁగా మలుపు. పెక్కు మలుపులు గలవాఁడని విగ్రహార్థము. మలుపులు దారివైనచో సంచారి; బుద్ధివైనచో నుపాయశాలి.

ప్లేటో సంవాదమున హిప్పియాసు దీనిని వంచకార్థమునఁ గొని, ఋజువర్తనుఁడగు అఖిల్లెసునకుఁ బ్రతిగా ఒడిస్సియసును నిలిపెను. కాని ఒడిస్సీయందుఁ బ్రయోగములు రెండే. మొదటిదాని వెంటనే నాయకుని దీర్ఘసంచారము చెప్పఁబడినది. రెండవది దశమసర్గమున, తన మందునకు లొంగని యాతనిని గుర్తించి కిర్కె యాశ్చర్యముతోఁ బలికినది. రెంటను నింద లేదు.

కావున 'వంచకుఁ'డని తెనిఁగించుట కావ్యారంభముననే నాయకునిపై నేరము మోపుట యగును. వర్తనశబ్దము చలనమునకును నడవడికిని జెల్లును గావున, 'బహువర్తనుఁ'డనినచో రెండర్థములును నిలుచును.